ఏడ్చిన మైకు ముందు నవ్వాలి

ఆ శుక్రవారం భువన చేయాల్సిన పనులు ఇవి. పొద్దున్నే ల్యాబ్‌కు వెళ్ళి కణాల మీది పాత ద్రవం తీసేసి కొత్తది పోయాలి. పనికిరాని ప్లేట్లను బ్లీచ్‌లో ముంచి పారేయాలి. ఫిలోమినా మేడమ్ గదిలోకి వెళ్ళి, జరిగిన తప్పును తన నోటితో చెప్పాలి. చెన్నై సదస్సుకు పంపిన పరిశోధన పోస్టరును వెనక్కి తీసుకోవాలి. వచ్చే దారిలో పిన్నికి కొబ్బరి బోండాలు, బాబాయికి బీపీ మాత్రలు కొనాలి. ఇంటికి చేరాక, పిన్ని నాలుగు మెతుకులు తినేదాకా ఆగి, ఎదురుగా కూర్చుని, "ఆ మందు పని చేయలేదు పిన్నీ" అని చెప్పాలి.

చివరి పని తప్పించుకునే దారి కోసం ఆమె పొద్దుటి నుంచి వెతుకుతోంది.

భువన వాళ్ళ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమే. తండ్రి రేపల్లెలో రైసుమిల్లు హమాలీ. ఎమ్మెస్సీ అయ్యి, జూబ్లీహిల్స్‌లో ఒక ఆసుపత్రిని ఆనుకుని ఉన్న పరిశోధన కేంద్రంలో పీహెచ్‌డీ సీటు వచ్చినప్పుడు, హాస్టలు మాట ఎత్తనివ్వకుండా పెట్టె పట్టుకుని లాక్కుపోయింది నాగేశ్వరి పిన్ని. ఫిల్మ్‌నగర్ బస్తీలో, శకుంతలమ్మ గారి మేడ మీద రెండు గదుల కిరాయి ఇల్లు. బాబాయి బసవపున్నయ్య సినిమా ప్రొడక్షన్ వాళ్ళ వ్యాను నడుపుతాడు. పిన్ని డబ్బింగ్ చెబుతుంది.

డబ్బింగ్ అంటే కథానాయికకు చెప్పేది కాదు. పెళ్ళి పందిట్లో గోల, బస్టాండులో రద్దీ, ఊళ్ళో వాళ్ళ గుసగుసలు, వీటికి నలుగురైదుగురు ఆడవాళ్ళు ఒకే మైకు చుట్టూ చేరి గొంతులిస్తారు. అందులో పిన్నిది ప్రత్యేకమైన పని. ఏడవడం. తెర మీద కొడుకు చచ్చిపోయిన తల్లి నోరు తెరిచిందంటే, అందులోంచి వచ్చేది చాలాసార్లు నాగేశ్వరి ఏడుపే. నటించినావిడకు పేరుంటుంది. ఏడ్చినావిడకు ఆ పూట కూలి, మధ్యాహ్నం ప్రొడక్షన్ భోజనం ఉంటాయి. "ఏడుపు నాగేశ్వరి" అంటే ఫిల్మ్‌నగర్లో తెలియని డబ్బింగ్ థియేటర్ లేదు.

ఆమెకు పని నేర్పిన పెద్దావిడ ఒక నియమం పెట్టింది. చావు ఏడుపు ఏడ్చిన మైకు ముందు నుంచి ఊరికే లేచి రాకూడదు. ఒక్కసారైనా గట్టిగా నవ్వి రావాలి. లేకపోతే ఆ ఏడుపు మనతోపాటు ఇంటికి వస్తుంది. శవంగా పడుకున్న నటుడు షాట్ అయ్యాక కెమెరా వైపు చూసి నవ్వడం లాంటిదే ఇదీ. నాగేశ్వరి ఏడుపు ఎంత బాగుంటుందో ఆ తరువాత నవ్వు అంతకంటే బాగుండేది. గాజు అద్దం అవతల కూర్చున్న సౌండ్ ఇంజనీరు ఆండ్రూ ఆ నవ్వు కోసం ఎదురుచూసి, అవగానే అలవాటుగా చెరిపేసేవాడు.

పిన్నికి కడుపు ఉబ్బుతుంటే మొదట గ్యాసన్నారు. తరువాత అండాశయంలో క్యాన్సర్ అన్నారు. కడుపులో చేరిన నీటిని తీసేటప్పుడు, అందులోని కణాలను పరిశోధనకు ఇస్తారా అని డాక్టరు అడిగితే, "పారబోసే నీళ్ళేగా, పట్టుకెళ్ళండి" అని సంతకం చేసింది. ఆ మరునాడు భువన ల్యాబ్‌కు ఒక సీసా వచ్చింది. దాని మీద పేరు లేదు, ఓవీ పదకొండు అన్న గుర్తు మాత్రమే ఉంది. ఆ వారం ఆ ఆసుపత్రి నుంచి వచ్చిన సీసా అదొక్కటే. భువన వెళ్ళి మేడమ్‌తో ఇది నాకు తెలిసిన మనిషిదండీ అని చెప్పేసింది. ఫిలోమినా మేడమ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "చేయగలవా? లేకపోతే ఇంకొకరికి ఇస్తాను."

"చేస్తాను మేడమ్."

"అయితే ఈ గదిలో ఉన్నంతసేపూ ఇది ఓవీ పదకొండే."

గదిలో అలాగే ఉండేది. ఇంట్లో కుదిరేది కాదు. పిన్ని రోజూ, ఊళ్ళో ఉన్న చుట్టాన్ని అడిగినట్టు అడిగేది. "ఎలా ఉన్నాయే నా కణాలు?"

"బాగా పెరుగుతున్నాయి పిన్నీ. నిన్న మేత మార్చాను."

"మేతా? దానికి మేత కూడానా?"

"తిండి పెట్టకపోతే చచ్చిపోతాయి. పెరిగితేనేగా వాటి మీద మందు వేసి చూసేది."

"చూశారా అండీ," అని పిన్ని వ్యాను తాళాలు వెతుక్కుంటున్న బాబాయిని పిలిచింది. "నాకు ఇడ్లీ ముక్క దిగట్లేదు. నా జబ్బుకి మాత్రం మీ అమ్మాయి ఏసీ గదిలో పెట్టి గోరుముద్దలు తినిపిస్తోంది."

వేసి చూస్తున్న మందు విటమిన్ ఇ. అది ఒక్క పదార్థం కాదు, ఎనిమిది మంది అన్నదమ్ములు. నలుగురు టోకోఫెరాల్స్, నలుగురు టోకోట్రైనాల్స్. మందుల షాపులో దొరికే ఆకుపచ్చ గొట్టం మాత్రల్లో ఉండేది ఎక్కువగా మొదటి వరసలోని పెద్దన్న. రెండో వరస వాళ్ళు తవుడు నూనెలో దొరుకుతారు. గాజు పాత్రల్లో క్యాన్సర్ కణాల పెరుగుదలను వీళ్ళు ఎంతవరకు ఆపగలరన్నదే భువన పరిశోధన. నాన్న వీపు మీద మోసిన తవుడు బస్తాల్లోంచే ఇది వస్తుందని తెలిసిన రోజు ఆమె ఫోన్ చేసి ఆయనకు చెప్పింది. "గేదెలకు పెట్టేదేగా అమ్మా" అన్నాడాయన.

మొదటిసారి ఓవీ పదకొండు మీద టోకోట్రైనాల్ ఎక్కువ మోతాదులో వేసినప్పుడు, రెండు రోజుల్లో కణాలు గుండ్రంగా ముడుచుకుని, చచ్చి తేలిపోయాయి. సూక్ష్మదర్శినిలో చూసి భువన స్టూలు మీద నుంచి లేచి నిలబడింది. ఇంటికి వచ్చి చెప్పకుండా ఉండలేకపోయింది. గాజు పాత్ర వేరు, మనిషి వేరు అని కూడా చెప్పింది. మందుగా రావాలంటే ఏళ్ళు పడుతుందని, ఒక్కోసారి రాదనీ చెప్పింది. కానీ పిన్ని చెవికి మొదటి మాటే చేరింది, రెండో మాట చేరలేదు.

మరునాటికి ఆ కబురు బస్తీ అంతా పాకింది. కింద గేటు దగ్గర శకుంతలమ్మ పట్టుకుంది. "ఏంది బిడ్డా, క్యాన్సర్‌కు మందు కనిపెట్టినవంట గదా! మా ఆయన మోకాళ్ళకు గూడ జర ఏమన్న చూడరాదు."

"కనిపెట్టలేదు ఆంటీ, గిన్నెలో చూశామంతే."

"గిన్నెల అయితే గ్లాసుల గూడ అయితది. ఫికర్ జెయ్యకు. మీ పిన్ని మొఖంల కళ వచ్చింది చూడు."

అది నిజమే. పిన్ని పొద్దున్నే లేచి తల దువ్వుకుంటోంది. కాఫీ తాగుతోంది. కానీ మొదటి కీమో సరిగా పట్టలేదని, వేరే రకం మొదలుపెట్టాలని డాక్టరు చెప్పిన తేదీ వచ్చేసరికి మొరాయించింది. "ఇంకోసారి ఆ వాంతులు నా వల్ల కాదు. భువన మందు వచ్చేదాకా ఆగుతా." బాబాయి బతిమాలాడు. భువన కోప్పడింది. "నీ మందు మీద నీకే నమ్మకం లేదేంటే" అంది పిన్ని. వారం గడిచింది. మళ్ళీ వారం. సోమవారం రాకపోతే ఇక మొదలుపెట్టి లాభం ఉండదన్నారు డాక్టరు గారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే తప్పు బయటపడింది.

విటమిన్ ఇ నూనె జాతి. నీళ్ళలో కలవదు. అందుకని ఆల్కహాల్లో కరిగించి కణాల మీద వేస్తారు. ఆల్కహాలు ఎక్కువైతే కణాలు దానికే చస్తాయి. కాబట్టి అదే ప్లేటులో పక్కనున్న ఒక గుంటలో మందు లేకుండా, అంతే కొలత ఆల్కహాలు మాత్రం పోసి ఉంచాలి. అది సాక్షి. అక్కడ కణాలు బతికి, ఇక్కడ చస్తేనే మందు గొప్ప. మొదటి ప్రయోగం చేసిన వారం భువన ఆసుపత్రికీ ల్యాబ్‌కూ మధ్య పరుగులు పెడుతోంది. కరిగించిన మందు పలచగా వచ్చింది. మోతాదు అందడం కోసం ఎక్కువ పోసింది. సాక్షి గుంటలో మాత్రం చెయ్యి అలవాటు చొప్పున పాత కొలతే పోసింది. ఇప్పుడు మళ్ళీ చేస్తూ, రెండింట్లోనూ ఆల్కహాలు సమానంగా పోస్తే, సాక్షి గుంటలోనూ కణాలన్నీ తేలిపోయాయి.

శుక్రవారం మధ్యాహ్నం మేడమ్ అంతా విన్నారు. "పోస్టరు వెనక్కి తీసుకో. తప్పు పట్టుకున్నది నువ్వే, అది చాలు. మళ్ళీ చెయ్యి. ఇంట్లో చెప్పావా?"

"లేదు మేడమ్."

"ఆవిడ నీ మాట మీదే ట్రీట్‌మెంట్ ఆపిందా?"

భువన తల ఊపింది.

"అయితే ఇక్కడేం చేస్తున్నావు? ముందు ఇంటికి పో."

పిన్ని ఆ సాయంత్రం పెరుగన్నం తింది. కొబ్బరి నీళ్ళు సగం తాగింది. బాబాయి గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. భువన మంచం అంచున కూర్చుని అంతా చెప్పింది. సాక్షి గుంట అంటే ఏమిటో, తను ఎంత పోసిందో, ఎందుకు పోసిందో.

పిన్ని మిగిలిన కొబ్బరి నీళ్ళు పక్కన పెట్టింది. "అంటే నా జబ్బు నీ మందుకి చావలేదు. సారాకి చచ్చింది."

"అవును పిన్నీ."

"మీ బాబాయి పాతికేళ్ళుగా తాగుతున్నాడు, నాకేం ఒరగబెట్టాడే?"

బాబాయి నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

"ఎందుకు చెప్పావు?" అంది పిన్ని. ఈసారి గొంతులో హాస్యం లేదు. "ఇంకో నెల ఆగితే నీ సొమ్మేం పోయేది? పొద్దున్నే లేవాలనిపిస్తోంది నాకు. చాన్నాళ్ళకి లేవాలనిపిస్తోంది. ఆ ఒక్కటీ ఉండనివ్వలేకపోయావా?"

"సోమవారం డాక్టరు దగ్గరికి వెళ్ళకపోతే..."

"వెళ్తాంలే. ఇంకేం ఉంది, వెళ్ళక?"

గోడ వైపు తిరిగి పడుకుంది. నాగేశ్వరి ఏడుపు ఎలా ఉంటుందో లోకానికంతా తెలుసు. ఆ రాత్రి ఆమె సొంత ఏడుపు మాత్రం ఎవరికీ వినపడలేదు. వీపు కదలడమే కనిపించింది.

సోమవారం వెళ్ళారు. కొత్త కీమో మొదలైంది. ఆటోలో, ఆసుపత్రిలో, వాంతుల బకెట్టు పట్టుకున్నప్పుడు కూడా పిన్ని భువనతో అవసరానికి మించి మాట్లాడలేదు. "నీళ్ళు." "దిండు." "చాలు." కణాల గురించి అడగడం మానేసింది. అడగకపోతే అంత కష్టంగా ఉంటుందని భువన అనుకోలేదు.

రెండో కీమోకూ మూడోదానికీ మధ్య, కాస్త తేరుకున్న రోజున ఆండ్రూ నుంచి ఫోన్ వచ్చింది. చిన్న సినిమా. తల్లి ఏడుపు ఒకటుంది. ఇద్దరి చేత చెప్పించాం, కుదరలేదు. అక్క రాగలదా?

"వద్దే నాగూ," అన్నాడు బాబాయి.

"గొంతుకేం రాలేదుగా జబ్బు," అంటూ పిన్ని ఇస్త్రీ చీర తీయించింది. భువన తోడు వెళ్ళింది. ఫిల్మ్‌నగర్ ఎత్తు ఎక్కుతుంటే ఆటో మూలిగింది. ఒక సందులో, మామిడి చెట్టు వెనక ఉంటుంది ఆ డబ్బింగ్ థియేటర్. భువన ఆండ్రూ పక్కన, అద్దం ఇవతల కూర్చుంది. అవతల చీకట్లో పిన్ని. తలకు కండువా, దాని మీద హెడ్‌ఫోన్. నిలబడలేక స్టూలు వేయించుకుంది. తెర మీద ఒక తల్లి కొడుకు మీద పడి ఏడుస్తోంది.

పిన్ని ఏడ్చింది. ఆ బక్క ఒంట్లో అంత గాలి ఎక్కడ దాచుకుందో తెలియదు. ఆండ్రూ చెయ్యి బల్ల మీద పెట్టి కదలకుండా ఉండిపోయాడు. అయ్యాక మైకు మీట నొక్కి, "ఓకే అక్కా. అదిరిపోయింది," అన్నాడు.

"ఓకే కాదు. సింకు పోయింది."

"ఎక్కడ పోయింది?"

"చివర్లో. ఆవిడ పెదాలు మూసేసింది, నేనింకా ఏడుస్తున్నా."

"దాని మీద మ్యూజిక్ వస్తదక్కా. ఎవరూ చూడరు. ఇలాంటి ఏడుపు మళ్ళీ రాదు, వదిలెయ్."

"బాగుందని వదిలేస్తే ఎట్లాగయ్యా? తప్పు నాకు కనపడిందిగా." అంటూ పిన్ని తల తిప్పి అద్దంలోంచి భువన వైపు చూసింది. చాలా రోజుల తరువాత చూసిన చూపు అది. "తీసెయ్. మళ్ళీ చేద్దాం."

రెండోసారి ఏడుపు మొదటిదంత గొప్పగా రాలేదు. గొంతు మధ్యలో జీరపోయింది. కానీ తెర మీద పెదాలు ఎక్కడ మూసుకున్నాయో అక్కడే ఆగింది. పిన్ని హెడ్‌ఫోన్ తీసి, గోడ పట్టుకుని తలుపు దాకా వచ్చేసింది.

"అక్కా! నవ్వు!" అని అరిచాడు ఆండ్రూ.

"అయ్యో, మర్చిపోయానే!" వెనక్కి వెళ్ళింది. మైకు ముందు నిలబడి, ఆయాసం తీర్చుకుని నవ్వింది. మొదట నియమం కోసం. తరువాత తన అవస్థ తనకే నవ్వొచ్చినట్టుంది, నిజంగానే నవ్వింది. దగ్గొచ్చేదాకా నవ్వింది.

తిరిగి వస్తుంటే ఆటోలో భువన భుజం మీద తల ఆనించింది. "ఆ సారా గుంట ఈసారి సరిగ్గా పోస్తున్నావా?"

"చుక్క తేడా రానివ్వట్లేదు పిన్నీ."

"నా మీద కోపంతో ఎక్కువ పొయ్యకు."

"కోపం నీకు కదా, నాకెందుకు?"

"నాకూ లేదులే. చెప్పినందుకు కాదే నా కోపం. నిజమైనందుకు." తల ఎత్తకుండానే, "నేను ఉన్నా లేకపోయినా ఆపకు," అంది.

వానలు వెనకబట్టాక పిన్ని పోయింది. బాబాయి చెయ్యి పట్టుకుని, ఇంట్లోనే. బస్తీ ఆడవాళ్ళు ఏడ్చారు. డబ్బింగ్ వాళ్ళు వచ్చి మూలన నిలబడ్డారు. మైకు ముందు ఎంత ఏడుపైనా తెప్పించుకోగలవాళ్ళు ఆ రోజు చీర కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు. శకుంతలమ్మ మాత్రం భువనను పట్టుకుని, "గిన్నెల అయితే మంచిగనే అయ్యుండె గదా బిడ్డా," అని ఒక్క మాట అంది.

భువన పని ఆపలేదు. కొలతలు సరిచేసి, మళ్ళీ మళ్ళీ చేసింది. చివరకు తేలింది ఇంతే. ఆల్కహాలును కనిష్ఠంగా ఉంచితే, టోకోట్రైనాల్ ఓవీ పదకొండు కణాలను చంపలేదు. పెరగడం కాస్త నెమ్మదించింది. సాక్షి గుంటలో కణాలు నిండిపోయేసరికి, మందు ఉన్నచోట ఇంకా ఖాళీ కనిపించింది. "ఇది చిన్న విషయం. కానీ నిజం," అన్నారు మేడమ్. మనిషికి ఎప్పటికి పనికొస్తుందో, అసలు వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేమని పరిశోధన వ్యాసం ఆఖర్లో భువన రాసింది. ఆ వాక్యాన్ని ఆమె అన్నిటికంటే జాగ్రత్తగా రాసింది.

ఆమెకు తెలియనిది ఒకటుంది. ఆ శుక్రవారం చెప్పకపోతే పిన్ని ఎన్నాళ్ళుండేది? ఆ కీమో నెలలిచ్చిందా, ఉన్న సంతోషాన్ని తీసేసుకుందా? కణాలకైతే పక్కన సాక్షి గుంట పెట్టి చూడవచ్చు. మనిషి పక్కన ఇంకో మనిషిని పెట్టి చూడలేము. ఈ ప్రశ్నతోనే ఆమె ఇప్పటికీ ల్యాబ్ తలుపు తీస్తుంది, మూస్తుంది.

వ్యాసంలో పిన్ని పేరు వేయాలని అడిగింది. రోగుల పేర్లు వేయకూడదు, అది నియమం, మంచి నియమమే అన్నారు మేడమ్. పిన్ని చివరగా ఏడ్చిన ఆ సినిమా విడుదలైతే బాబాయిని తీసుకుని వెళ్ళింది. చివరి పేర్లన్నీ దొర్లిపోయేదాకా ఇద్దరూ సీట్లలోంచి లేవలేదు. ఊడ్చేవాళ్ళు వచ్చారు. పేరు రాలేదు. బయటికి వచ్చి ఆండ్రూకు ఫోన్ చేసింది. "అన్నా, ఆ రోజు పిన్ని నవ్విన నవ్వు ఉందా నీ దగ్గర?"

"ఎప్పట్లాగే చెరిపేశానమ్మా," అన్నాడు ఆండ్రూ. "చెయ్యి అలవాటు. అదే చివరిదని తెలీదు."

కాబట్టి ఉన్నది ఇది. ఆమె ఏడుపు సినిమాల్లో ఉంది, వేరేవాళ్ళ ముఖాల మీద. ఆమె జబ్బు జూబ్లీహిల్స్‌లో ఒక ఫ్రీజరులో, గడ్డకట్టి, ఒక అంకె కింద ఉంది. నవ్వు ఒక్కటే ఎక్కడా లేదు. ఎప్పుడైనా హాల్లో ఒక తల్లి ఏడుపు విని మీకూ ఏడుపొస్తే, అది తెర మీది ఆవిడది కాకపోవచ్చని ఒక్క క్షణం అనుకోండి. రేపల్లె వైపు నుంచి వచ్చి, ఫిల్మ్‌నగర్లో మేడ మీద గదిలో బతికి, అంత ఏడుపూ ఏడ్చి మైకు ముందు దగ్గొచ్చేదాకా నవ్విన ఒక మనిషి ఉండేదని గుర్తు పెట్టుకోండి. ఆమె పేరు నాగేశ్వరి.